ఎముక అడిగే గడువు: తొమ్మిది వారాల పరుగు పూర్తయిన తరువాత

(కొత్తగా పరుగు నేర్చుకున్న వారి కోసం విజయవాడలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగానికి లిఖిత పాఠం)

సభకు నమస్కారం.

మొన్న శుక్రవారం తెల్లవారుజామున ఆఖరి పరుగు ముగించుకొని, ఇందిరా గాంధీ స్టేడియం మెట్ల మీద కూర్చుని షూ లేసులు విప్పుకుంటున్న ఒక చెల్లెలు నన్ను ఇలా అడిగింది: "మేడమ్, బీరువా తలుపుకి అతికించుకున్న కాగితంలో గళ్లన్నీ నిండిపోయాయి. సోమవారం పొద్దున్న లేచి నేనేం చెయ్యాలి?" ఆమె గొంతులో సంతోషంతో పాటు కొంత బెంగ కూడా ఉంది. ఏ రోజు ఎన్ని నిమిషాలు పరుగెత్తాలో, ఎన్ని నిమిషాలు నడవాలో తొమ్మిది వారాల పాటు ఆ కాగితమే చెప్పింది. ఇప్పుడు చెప్పే కాగితం లేదు. ఈ రోజు నాకిచ్చిన సమయాన్నంతా ఆ ఒక్క ప్రశ్నకే కేటాయిస్తాను. ఎందుకంటే నేను ఈ ఆరేళ్లలో చూసినంతలో, పరుగు మానేసిన వారిలో ఎక్కువ మంది తొమ్మిది వారాల మధ్యలో మానలేదు. అవి విజయవంతంగా పూర్తయిన తరువాతి మూడు నెలల్లో మానేశారు. కొందరు కొత్త లక్ష్యం ఏదీ లేక మానేశారు, మరికొందరు తమ కాళ్లు మోయలేని లక్ష్యం పెట్టుకుని, దెబ్బతిని మానేశారు.

మీరు ఎక్కడ మొదలుపెట్టారో ఒకసారి గుర్తు చేసుకోవాలి. వినాయక నిమజ్జనాలు ముగిసిన వారంలో మీరు మొదటిసారి వచ్చినప్పుడు మిమ్మల్ని అడిగింది ఐదు నిమిషాల చురుకైన నడక, ఆ తరువాత ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక, ఇలా మార్చి మార్చి ఇరవై నిమిషాలు. ఆ ఒక్క నిమిషం కూడా పూర్తి చేయలేక నలభై సెకన్లకే నడుము మీద చేతులు వేసుకుని రొప్పుతూ నిలబడిపోయిన వారు ఈ హాలులోనే పది మందికి తక్కువ లేరు. అమ్మవారి దర్శనానికి వచ్చే జనంతో ఘాట్ల వైపు రోడ్లు నిండిపోయిన నవరాత్రుల రోజుల్లో మనకు ఐదో వారం వచ్చింది. ఆ వారం రెండో రోజున ఎనిమిది నిమిషాల పరుగు, మధ్యలో ఐదు నిమిషాల నడక, మళ్లీ ఎనిమిది నిమిషాల పరుగు. మూడో రోజున నడక అన్నదే లేకుండా ఏకబిగిన ఇరవై నిమిషాలు. ఆ రోజు కాగితం చూసి అచ్చుతప్పు పడిందేమోనని నన్ను అడిగిన పెద్దాయన ఇప్పుడు ముందు వరుసలోనే ఉన్నారు. ఆ ఇరవై నిమిషాలూ ఆయన పూర్తి చేశారు, ఆగకుండా.

ఈ పద్ధతి ఆకాశం నుంచి ఊడిపడలేదు. దీని పేరు 'కౌచ్ టు 5కె', అంటే సోఫా మీద నుంచి 5 కిలోమీటర్ల పరుగు దాకా. 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ యువకుడు, యాభైల్లో ఉన్న తన తల్లి లాంటి వారు కూడా మధ్యలో వదిలేయకుండా పరుగు అలవాటు చేసుకోవాలన్న ఉద్దేశంతో దీనిని రూపొందించాడు. తరువాత బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ కూడా దీనిని స్వీకరించి ప్రజలకు అందించింది. దీని రహస్యం మొదటి వారాల్లో మనకు అవమానం అనిపించేంత తక్కువగా అడగడంలో ఉంది. ఊపిరి ఇంకా చేయగలనంటున్నప్పుడే అది ఆపేయమంటుంది. ఈ లక్షణాన్ని మనసులో ఉంచుకోండి, ఎందుకంటే తొమ్మిది వారాలు పూర్తయిన వెంటనే అందరం మరిచిపోయేది దీనినే.

ముందుగా లెక్క సరిచూసుకుందాం. ఈ ప్రణాళికకు 5 కిలోమీటర్ల పేరు ఉన్నా, ఆఖరి వారం మనల్ని అడిగేది 30 నిమిషాల పరుగు. 30 నిమిషాల్లో 5 కిలోమీటర్లు పూర్తి కావాలంటే కిలోమీటరుకు 6 నిమిషాల వేగం కావాలి. కొత్తవారిలో ఆ వేగం కొద్దిమందికే ఉంటుంది. మీలో చాలామంది కిలోమీటరుకు 8 నిమిషాల వేగంతో పరుగెత్తుతున్నారు, అంటే అరగంటలో మూడు ముప్పావు కిలోమీటర్లు. మన ఊరి కొలతతో చెబుతాను. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223.5 మీటర్లు. మీ అరగంట పరుగుతో ఇంద్రకీలాద్రి వైపు నుంచి బయలుదేరి సీతానగరం చేరి, వెనక్కి వచ్చి, మళ్లీ సీతానగరం చేరతారు. అక్కడికి మీ అరగంట దాదాపు అయిపోతుంది, మీరు అవతలి ఒడ్డున నిలబడి ఉంటారు. మళ్లీ ఇటు వచ్చి, మరో 106 మీటర్లు కలుపుకుంటే 5 కిలోమీటర్లు అవుతుంది. వాహనాలు తిరిగే ఆ వంతెన మీద పరుగెత్తమని నేను చెప్పడం లేదు, కళ్లకు కట్టడానికి చెబుతున్నాను. మన స్టేడియం లాంటి చోట 400 మీటర్ల ట్రాక్ మీదైతే అది పన్నెండున్నర చుట్లు. కాబట్టి "5 కిలోమీటర్లు రాలేదు, నేను పూర్తి చేయలేదేమో" అని మథనపడుతున్న వారు ఆ దిగులు విడిచిపెట్టాలి. మీరు అరగంట ఆగకుండా పరుగెత్తారు, చేయాల్సింది అదే. అవతలి ఒడ్డు నుంచి ఇంటికి రావడమే మీ తరువాతి పని, అది దూరం కాదు.

అయితే ఆ దూరానికి కూడా తొందరపడవద్దని ఎందుకు అంటున్నానో చెప్పాలంటే శరీరం లోపలి సంగతి కొంత వివరించాలి. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించినదాన్ని కాబట్టి ఈ భాగం దగ్గర కాస్త ఎక్కువసేపు నిలుస్తాను, మన్నించాలి.

పరుగు మొదలుపెట్టిన మొదటి ఒకటి రెండు వారాల్లోనే రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, పెరుగుతుంది. దానివల్ల గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. మరికొద్ది వారాల్లో కండరాల్లో ప్రాణవాయువును వాడుకుని శక్తి తయారుచేసే మైటోకాండ్రియాలు, వాటి చుట్టూ సన్నని రక్తకేశనాళికలు పెరుగుతాయి. అందుకే మొదటి నిమిషానికే రొప్పిన మనిషి రెండు నెలలు తిరిగేసరికి అరగంట పరుగెత్తి కూడా మాట్లాడగలుగుతున్నాడు. ఈ మార్పు మనకు తెలుస్తుంది, ఆనందం కలిగిస్తుంది. ఎముక సంగతి అలా కాదు. ఎముక రాయి లాంటిదని అనుకుంటాం గాని అది జీవమున్న కణజాలం. కొత్త భారం పడినప్పుడు ఎముక ముందుగా పాత భాగాన్ని కరిగించుకుంటుంది, తరువాత ఆ ఖాళీలో గట్టి ఎముకను నింపుకుంటుంది. కరిగించే కణాలు కొద్ది వారాల్లో పని ముగిస్తాయి. నింపే కణాలకు మూడు నాలుగు నెలలు పడుతుంది. పాత ఇంటి గోడ బలపరచడానికి మేస్త్రీ ముందు పెచ్చులూడిన చోటు చెక్కి తీసేస్తాడు, అప్పుడు సిమెంటు పెడతాడు. ఆ రెంటి మధ్య రోజుల్లో గోడ మునుపటి కంటే బలహీనంగా ఉంటుంది. మీ మోకాలి కింది ఎముకలు ఈ రోజు అటువంటి దశలోనే ఉన్నాయి. మడమ పైన పిక్కను ఎముకకు కట్టి ఉంచే, మనవాళ్లు మడమ నరం అని పిలిచే టెండన్‌ది కూడా ఇదే తీరు. దానికి రక్త సరఫరా తక్కువ కాబట్టి అది బలపడడానికి నెలలు పడుతుంది.

ఇప్పుడు ఒక చిన్న గుణకారం చేయండి. నిమిషానికి సుమారు 160 అడుగుల చొప్పున అరగంటకు 4,800 అడుగులు. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ శరీర బరువుకు రెండు నుంచి మూడు రెట్ల బలం కాలి మీదికి వస్తుంది. అంటే 65 కిలోల మనిషి ఎముక 130 కిలోలకు తగ్గని భారాన్ని ఒక్కొక్క కాలికి 2,400 సార్లు మోస్తుంది. అదే మనిషి అదే వేగంతో 10 కిలోమీటర్లకు వెళితే 80 నిమిషాల్లో 12,800 అడుగులు పడతాయి. గుండె సరేనంటుంది, ఊపిరి సరేనంటుంది. ఎముకకు మాత్రం గడువు కావాలి, ఆ గడువు అడగడానికి దానికి నొప్పి తప్ప మరో భాష లేదు.

ఆ భాష నేను ఆలస్యంగా విన్నాను. నాకు 52 ఏళ్లు వచ్చిన సంవత్సరం ఇదే ప్రణాళికను ఇదే కార్తీకంలో పూర్తి చేశాను. వచ్చే నెలలోనే 10 కిలోమీటర్ల పరుగు ఉందని తెలిసి పేరు ఇచ్చాను. నాలుగు వారాల్లో దూరాన్ని రెట్టింపుకు మించి పెంచాను. రెండో వారంలో ఎడమకాలి లోపలి వైపు, చీలమండకు జానెడు పైన, రెండు వేళ్లతో కప్పగలిగేంత చోటులో నొప్పి మొదలైంది. మొదట పరుగు చివర్లో వచ్చేది, తరువాత పరుగు మొదట్లోనే వచ్చేది, చివరికి రాత్రి మంచం మీద పడుకున్నా వచ్చేది. కొబ్బరినూనె మర్దన చేసుకుని, పట్టీ కట్టుకుని ఆ 10 కిలోమీటర్లు పూర్తి చేశాను. ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. ఎమ్మారైలో ఎముక లోపలి దెబ్బ కనబడింది. పగులు కాబోతున్న స్థితి అన్నారు. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువగా ఉందని కూడా తేలింది. ఎనిమిది వారాలు పరుగు లేదు, మొదటి మూడు వారాలు మెట్లెక్కడం కూడా కష్టమే అయింది. ఆ ఎనిమిది వారాల్లో నేను పోగొట్టుకున్నది పరుగు ఒక్కటే కాదు. తెల్లవారుజామున లేచి బయటికి వెళ్లే అలవాటును పోగొట్టుకున్నాను, దానిని తిరిగి తెచ్చుకోవడానికి మరో వేసవి దాటాల్సి వచ్చింది. ఈ కథ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. రెండు వేళ్లతో చూపించగల నొప్పికీ అరచేతితో చూపించే నొప్పికీ తేడా ఉందని చెబుతున్నాను. పిక్క అంతా పట్టేసినట్టు, తొడ అంతా బరువెక్కినట్టు ఉండి రెండు రోజుల్లో తగ్గిపోయే నొప్పి కండరానిది, అది సహజం. ఎముక మీద ఒకే చోట వేలు పెట్టి ఇక్కడే అని చూపించగలిగే నొప్పి, రోజురోజుకూ ముందుగా వచ్చే నొప్పి, రాత్రి నిద్ర చెడగొట్టే నొప్పి అయితే పరుగు ఆపి వైద్యుడికి చూపించుకోవాలి. ఈ ఒక్క విషయంలో నా మాట తీసివేయకండి.

వారానికి 10 శాతానికి మించి దూరం పెంచకపోతే గాయాలు రావని చాలామంది నమ్ముతారు. నెదర్లాండ్స్‌లో 532 మంది కొత్త పరుగరుల మీద జరిగి 2008లో వెలువడిన పరిశోధనలో ఒక బృందానికి 13 వారాల నిదానమైన ప్రణాళికను, మరొక బృందానికి 8 వారాల ప్రణాళికను ఇచ్చి చూశారు. రెండు బృందాల్లోనూ సుమారు ఐదుగురిలో ఒకరికి గాయమైంది. చెప్పుకోదగ్గ తేడా లేదు. కాబట్టి 10 శాతం అనే సూత్రాన్ని జపమాలలా తిప్పుతూ ఉంటే రక్షణ దొరకదు. నాకు ఈ పరిశోధన చెప్పింది ఏమిటంటే, కొత్తగా పరుగెత్తేవారిలో గాయం అరుదైన విషయం కాదు, కాగితం ఎంత జాగ్రత్తగా రాసినా మన కాలిని మనం రోజూ గమనించుకోక తప్పదు.

ఇక సోమవారం సంగతికి వద్దాం. నా సలహా ఇది: రాబోయే ఎనిమిది వారాలు కొత్త దూరం లక్ష్యంగా పెట్టుకోకండి. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, అరగంట పరుగు, అంతే. మొదటి నాలుగు వారాలు ఏ మార్పూ వద్దు. ఐదో వారం నుంచి ఆ మూడింటిలో ఒక్క రోజు మాత్రమే ఐదు నిమిషాలు పెంచండి, పెంచిన దాని మీద రెండు వారాలు నిలవండి, తరువాత మరో ఐదు. ఎనిమిదో వారానికి ఒక రోజు 40 నిమిషాలు అవుతుంది. కిలోమీటరుకు 8 నిమిషాల వేగం ఉన్నవారికి అదే 5 కిలోమీటర్లు. మీరు బ్యారేజీ దాటి ఇంటికి వచ్చేశారన్నమాట. అప్పటికి సంక్రాంతి దాటుతుంది, పరుగు మొదలుపెట్టి నాలుగు నెలలు నిండుతాయి, కరిగిన చోట కొత్త ఎముక చాలావరకు నిండి ఉంటుంది. 10 కిలోమీటర్ల మాట ఆ తరువాత ఆలోచించవచ్చు.

ఇందులో పెరుగుదల ఏముంది, ఉన్నచోటే ఉండటం కదా అని అనిపించవచ్చు. వేగం సంగతి చెబితే ఆ సందేహం తీరుతుంది. మీలో చాలామంది ఇప్పటికీ మీ శక్తికి మించిన వేగంతో పరుగెత్తుతున్నారు, ముఖ్యంగా కుర్రవాళ్లు. 1960ల ఆరంభంలో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగరంలో ఆర్థర్ లిడియార్డ్ అనే కోచ్, గుండెజబ్బు వచ్చి తగ్గినవారిని కూడా కలుపుకుని మామూలు మనుషుల చేత నిదానపు పరుగు చేయించేవాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో పీటర్ స్నెల్‌ను 800 మీటర్లలో, ముర్రే హాల్‌బర్గ్‌ను 5,000 మీటర్లలో విజేతలుగా తీర్చిదిద్దింది కూడా ఆయనే. మాట్లాడుకుంటూ పరుగెత్తగలగాలన్నది అక్కడి నియమం. 1962 చివర్లో అక్కడికి వెళ్లిన ప్రఖ్యాత అమెరికన్ కోచ్ బిల్ బోవర్‌మన్, డెబ్బై ఏళ్లు దాటిన ఒక పెద్దాయన వెంట పరుగెత్తలేక వెనకబడి, ఆశ్చర్యపోయి, ఆ పద్ధతిని తన దేశానికి తీసుకువెళ్లాడు. ఆ నియమం ఈ రోజుకీ చెల్లుతుంది. పరుగెత్తుతూ పక్కవారితో ఒక పూర్తి వాక్యం ఊపిరి తెగకుండా చెప్పగలిగితే మీ వేగం సరిగ్గా ఉంది. ఒంటరిగా పరుగెత్తేవారు ఒక వేమన పద్యం నెమ్మదిగా చదువుకోవచ్చు. నాలుగు పాదాల్లో ఒక్కొక్క పాదం దగ్గర మాత్రమే ఊపిరి తీసుకోగలిగితే చాలు. రానున్న ఎనిమిది వారాల్లో ఆ పద్యం మరింత తేలిక అవుతుంది, అదే మాటల వేగంతో మీరు వెళ్లే దూరం తెలియకుండానే పెరుగుతుంది. ఉదయం నిద్ర లేవగానే, మంచం దిగకముందే నాడి చూసుకుని రాసుకుంటే, నెలల మీద ఆ సంఖ్య తగ్గడం కూడా కనిపిస్తుంది. ఈ రెండింటినీ పెరుగుదల అనకపోతే మరి దేనిని అంటాం?

మధుమేహం ఉన్నవారు మీలో ఎనిమిది మంది ఉన్నారని చేరేనాటి కాగితాలను బట్టి నాకు తెలుసు. మీకు నేను చెప్పే లక్ష్యం దూరంతోనూ వేగంతోనూ సంబంధం లేనిది. పని చేస్తున్న కండరం ఇన్సులిన్ సహాయం లేకుండానే రక్తంలోని చక్కెరను లోపలికి తీసుకోగలదు. వ్యాయామం ముగిసిన తరువాత కూడా ఒకటి రెండు రోజుల వరకు ఆ కండరం ఇన్సులిన్ మాట మెరుగ్గా వింటుంది. ఆ ప్రభావం అంతకు మించి నిలవదు. అందుకే వ్యాయామం లేని రోజులు వరుసగా రెండు దాటకూడదని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. మీ లక్ష్యం అదే కానివ్వండి: క్యాలెండరులో వరుసగా మూడు ఖాళీ గళ్లు కనిపించకూడదు. పరుగు లేని రోజున నడకైనా సరే. అయితే ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు తెల్లవారుజామున ఖాళీ కడుపుతో పరుగెత్తితే చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఈ కార్తీక సోమవారాల్లో ఉపవాసం ఉండేవారు ఆ రోజు పరుగు పెట్టుకోకండి. మిగతా రోజుల్లోనూ మీ వైద్యుడిని అడిగి మోతాదు సరిచేసుకోండి, జేబులో నాలుగు గ్లూకోజు బిళ్లలో, బెల్లం ముక్కో ఉంచుకోండి. ఇంటికి వచ్చాక అరికాళ్లు చూసుకోండి. స్పర్శ తగ్గిన పాదానికి బొబ్బ లేచినా తెలియదు.

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తొమ్మిది వారాలు క్రమం తప్పకుండా వచ్చి కూడా ఆయాసం తగ్గలేదని, తనకు పట్టుదల లేదేమోనని కన్నీళ్లు పెట్టుకున్న అమ్మాయిని నేను చూశాను. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 ఉంది. లోటు ఆమె పట్టుదలది కాదు, ఆమె రక్తంలో ఇనుముది. ఈ నెలలో మీరు షూకు, టీషర్టుకు ఖర్చు పెట్టే ముందు హిమోగ్లోబిన్, విటమిన్ డి పరీక్షలు చేయించుకోండి. ఇంటిల్లిపాదికీ టిఫిన్లు, క్యారేజీలు కట్టి ఆ తరువాత మిగిలింది తిని వచ్చే మీరు ముందు మీ తిండి సంగతి చూసుకోవాలని నేను మనస్ఫూర్తిగా కోరుతున్నాను. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర మీ కంచంలోకి కూడా రావాలి. వీధి కుక్కల భయం వల్ల మానేద్దామనుకుంటున్నామని ఇద్దరు చెప్పారు. కుక్క వెంటపడితే పరుగు ఆపి, దానివైపు తిరిగి, కళ్లలోకి చూడకుండా నిదానంగా వెనక్కి నడవాలి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లడం అన్నిటికంటే మేలు.

బరువు తగ్గడాన్ని లక్ష్యంగా రాసుకున్న వారే మీలో ఎక్కువ. పరుగులో కిలోమీటరుకు, శరీర బరువు ఒక్కొక్క కిలోకు సుమారు ఒక కేలరీ ఖర్చవుతుంది. 65 కిలోల మనిషి మూడు ముప్పావు కిలోమీటర్లు పరుగెత్తితే 240 కేలరీల పైచిలుకు. తిరుగు దారిలో నెయ్యి వేసిన పెసరట్టు ఉప్మా తింటే ఆ లెక్క తీరిపోయి ఇంకా మిగులుతుంది. బరువు తగ్గడం ప్రధానంగా వంటింట్లో జరిగే పని. పరుగుకు తగిన కొలత కావాలంటే టేపుతో నడుము కొలుచుకోండి. మన దక్షిణాసియా వాసుల్లో మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాద సూచన. త్రాసు కదలని నెలల్లో కూడా నడుము తగ్గడం నేను చూశాను.

కొత్త లక్ష్యాల్లో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పేది కండర బలం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ గానీ చేయమన్నాయి. అక్కడితో ఆగక, కండరాలను బలపరిచే వ్యాయామం వారానికి కనీసం రెండు రోజులు ఉండాలని కూడా చెప్పాయి. మీరు వారానికి మూడు అరగంటల పరుగుతో మొదటి భాగాన్ని పూర్తి చేశారు. రెండో భాగాన్ని ముట్టుకోలేదు. పరుగులో పిక్క లోపలి కండరం మీద శరీర బరువుకు ఆరేడు రెట్ల భారం పడుతుంది. ఆ కండరం అలసిపోతే ఆ భారం ఎముక మీదికి, మడమ నరం మీదికి మారుతుంది. దీనికి జిమ్ అక్కర్లేదు. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి గోడ పట్టుకుని మడమలు నిదానంగా ఎత్తి దించండి, 12 చొప్పున మూడు విడతలు. రెండు కాళ్లతో సులువైపోతే ఒంటికాలితో. వినాయకుడి ముందు తీసిన గుంజిళ్లను ఏడాది పొడవునా తీయండి. మోకాళ్లు సహకరించని వారు కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేచి నిలబడితే చాలు. వీటికి వారంలో రెండు రోజులు, రోజుకు పావుగంట. ఎనిమిది వారాల చివర ఒంటికాలి మీద 20 సార్లు మడమ ఎత్తగలగడం, నా దృష్టిలో, ఒక పతకం కంటే విలువైన లక్ష్యం.

పందేల్లో పేరు ఇవ్వడానికి నేను వ్యతిరేకిని కాను. నంబరు కాగితం ఛాతీకి పెట్టుకుని జనం మధ్య పరుగెత్తడంలో ఉన్న ఉత్సాహం నాకు తెలుసు. మన ప్రాంతంలో అందుకు అనువైనవి డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉండే నెలలు. ఈ సీజనులో 5 కిలోమీటర్లకు పేరు ఇవ్వండి, మధ్యలో నడవాల్సి వస్తే నడవండి. 10 కిలోమీటర్లను వచ్చే సీజనుకు ఉంచుకోండి. వయసు మీరిపోతోందని తొందరపడే పెద్దలకు ఫౌజా సింగ్ సంగతి గుర్తుచేస్తాను. పంజాబులో పుట్టి ఇంగ్లండులో స్థిరపడిన ఆయన, భార్యను, కొడుకును పోగొట్టుకున్న దుఃఖంలో, 89 ఏళ్ల వయసులో మారథానుల బాట పట్టి, 2011లో టొరంటోలో నూరేళ్ల వయసులో 42.195 కిలోమీటర్లు పూర్తి చేశారు. జనన ధ్రువపత్రం లేనందువల్ల ప్రపంచ రికార్డుగా నమోదు కాలేదు. ఆ పరుగు మాత్రం జనం కళ్లెదుటే జరిగింది. ఆయన చివరి పందెం 2013లో హాంకాంగ్‌లో, 10 కిలోమీటర్లది. శరీరం చెప్పినప్పుడు దూరాన్ని తగ్గించుకోవడం కూడా ఆయనకు తెలుసు.

మార్చి వచ్చేసరికి మన ఊరి ఎండ మీ ప్రణాళికను పరీక్షిస్తుంది. ఇక్కడ వేడితో పాటు ఉక్క ఉంటుంది. గాలిలో తేమ ఎక్కువైనప్పుడు చెమట పడుతుందే గాని ఆవిరి కాదు, ఆవిరి కాని చెమట ఒంటిని చల్లబరచదు. వేడికి శరీరం అలవాటుపడడానికి పది రోజుల నుంచి రెండు వారాలు పడుతుంది, ఆ రోజుల్లో పరుగు సమయాన్ని సగానికి తగ్గించుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఐదింటికే ముగించాలి, వేగం చూసుకోకూడదు. రోహిణి కార్తెలో పరుగు మానేసి ఇంట్లో గుంజిళ్లు, మడమల వ్యాయామం చేసుకున్నా నేను సంతోషిస్తాను. తల తిరగడం, ఒళ్లు గగుర్పొడవడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆగి, నీడకు చేరి, ఒంటి మీద నీళ్లు పోసుకోవాలి. ఉప్పు వేసిన పల్చని మజ్జిగ మనకు తాతల నాటి నుంచి ఉన్న మందు.

జ్వరం వల్లనో, పెళ్లిళ్ల వల్లనో, పిల్లల పరీక్షల వల్లనో మధ్యలో ఆగిపోతారు. ఆగిపోని వారెవరూ ఉండరు. వారం రోజులు ఆగితే ఏమీ పోదు, వదిలిన చోటే అందుకోండి. రెండు మూడు వారాలు ఆగితే ముందుగా తగ్గేది ఆ పెరిగిన ప్లాస్మాయే, అందుకే ఆయాసం ఎక్కువ అనిపిస్తుంది. అప్పుడు కాగితంలో మూడు వారాలు వెనక్కి వెళ్లి మొదలుపెట్టండి. రెండు నెలలు దాటితే మళ్లీ ఒక నిమిషం పరుగు, ఒకటిన్నర నిమిషం నడక. రెండోసారి ఆ మెట్లు తొందరగా ఎక్కుతారు, నేను ఎక్కాను.

బయట బల్ల మీద కొత్త కాగితాలు పెట్టాం. ఎనిమిది వారాలు, వారానికి మూడు చొప్పున 24 గళ్లు, రెండేసి చిన్న గళ్లు కండర వ్యాయామానికి. ప్రతి గడి పక్కన ఖాళీ గీత ఉంది. అక్కడ ఎంత దూరం పరుగెత్తారో రాయకండి. మరునాడు ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు కాలు ఎలా ఉందో ఒక్క మాటలో రాయండి. ఆ 24 మాటలూ చదివాకే ఎవరు 10 కిలోమీటర్లకు వెళ్లవచ్చో మనం కూర్చుని మాట్లాడుకుందాం. శుక్రవారం నన్ను ప్రశ్న అడిగిన చెల్లెలు వెనుక వరుసలో కనిపిస్తోంది. అమ్మా, నీ కాగితంలో సోమవారం ఎదురుగా విశ్రాంతి అని రాసి ఉంది. మంగళవారం ఉదయం ఐదున్నరకు గేటు దగ్గర కలుద్దాం.